మైక్రోలైట్ క్రీడ: జాతీయ సంఘం పని, గోదావరి డెల్టా గాలి

ఒకరిద్దరు మాత్రమే ఎక్కగలిగే, చిన్న ఇంజనుతో నడిచే అతి తేలికపాటి విమానాన్ని మైక్రోలైట్ అంటారు. మనుషులు, పెట్రోలు అన్నీ కలుపుకుని నేల విడిచేటప్పటి బరువు రెండు సీట్ల విమానానికి 450 కిలోలు మించకూడదన్నది చాలా దేశాలు ఏళ్ల తరబడి పాటించిన హద్దు. మారుతి కారు ఖాళీగా తూగే బరువు కంటే ఇది తక్కువ. ఊరి నుంచి ఊరికి చేరడానికి దీన్ని ఎక్కేవాళ్లు అరుదు. పొద్దున్నే లేచి గాలి చూసుకుని, గంటసేపు ఎగిరి, లేచిన చోటే దిగడం ఈ క్రీడ. కొందరు అక్కడితో ఆగక పోటీలకు వెళతారు, రికార్డులకు ప్రయత్నిస్తారు.

క్రికెట్‌కు మైదానం, బంతి, బ్యాటు ఉంటే ఆట మొదలవుతుంది. మైక్రోలైట్ విషయంలో విమానం కొన్న రోజున ఆట మొదలు కాదు. ఆ యంత్రం ఎగరడానికి పనికొస్తుందని ఎవరో సంతకం చేయాలి. ఎగిరే మనిషికి నేర్పినవాళ్లు, పరీక్షించినవాళ్లు ఉండాలి. నేల కావాలి, పైన ఆకాశంలో దారి కావాలి, కింద ఎవరి ఇంటిమీదన్నా పడితే నష్టం కట్టే బీమా కావాలి. ఇవన్నీ ఒక్కో మనిషి ఒంటరిగా తెచ్చుకోలేడు. అందుకే ఈ క్రీడ నిలబడిన ప్రతి దేశంలోనూ ఒక జాతీయ సంఘం కనిపిస్తుంది. పతకాలు, జట్ల ఎంపిక దాని పనిలో చిన్న వంతు. పెద్ద వంతు హ్యాంగర్లలో, ఫైళ్లలో జరుగుతుంది. గోదావరి జిల్లాల్లో ఈ క్రీడ ఇంకా వేళ్లూనలేదు. ఊనాలంటే ఏం కావాలో చూడటానికి మాత్రం ఆ డెల్టాకు మించిన చోటు దొరకదు, ఎందుకంటే అక్కడి గాలి రమ్మంటుంది, నేల వద్దంటుంది.

యంత్రం

మైక్రోలైట్లలో రెండు కుటుంబాలున్నాయి. మొదటిది ట్రైక్. త్రికోణాకారపు గుడ్డ రెక్క కింద మూడు చక్రాల బండి వేలాడుతుంది, ఇంజను వెనక ఉండి తోస్తుంది. పైలట్ తన ఎదురుగా ఉన్న అడ్డ బారును పట్టుకుని, రెక్క కింద బండి బరువును అటూఇటూ జరుపుతూ నడుపుతాడు. బారును ముందుకు తోస్తే ముక్కు లేచి వేగం తగ్గుతుంది, వెనక్కి లాగితే ముక్కు దిగి వేగం పెరుగుతుంది. మామూలు విమానంలో స్టిక్ పద్ధతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. కాబట్టి అక్కడ వందల గంటలు ఎగిరినవాడు కూడా ట్రైక్ దగ్గరకొచ్చి మళ్లీ ఓనమాలు దిద్దాల్సిందే.

రెండోది చూడటానికి విమానంలాగే ఉంటుంది. రెక్కలకు, తోకకు కదిలే పలకలు, స్టిక్, కాలి పెడళ్లు అన్నీ ఉంటాయి. బెంగళూరులో జోయెల్ కోష్లిన్ స్థాపించిన రాజ్‌హంస అల్ట్రాలైట్స్ తయారు చేసిన ఎక్స్ఎయిర్ ఈ కుటుంబంలోదే. అల్యూమినియం గొట్టాలను బోల్టులతో బిగించి, పైన గుడ్డ తొడిగిన రెండు సీట్ల యంత్రం అది. మన దేశంలో తయారై బ్రిటన్, ఫ్రాన్స్‌ల గడ్డి మైదానాల్లో పేరు తెచ్చుకున్న విమానాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు. వాటిలో ఇదొకటి. ఇక్కడి పైలట్లకంటే అక్కడివాళ్లకే ఇది ఎక్కువ తెలుసు. అక్కడ దాన్ని కొనుక్కున్న మామూలు మనిషి ఎగరడానికి ఒక వ్యవస్థ సిద్ధంగా ఉండటమే అందుకు కారణం.

ఇంజను చాలావరకు ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్‌దే. 582 రకం టూ స్ట్రోక్, సుమారు 65 హార్స్‌పవర్. పాత స్కూటర్‌లో లాగే పెట్రోల్లో ఆయిలు కలిపి వాడాలి. 912 రకం ఫోర్ స్ట్రోక్, 80 లేదా 100 హార్స్‌పవర్. టూ స్ట్రోక్ ఇంజను చెప్పాపెట్టకుండా ఆగిపోగలదు. ఆగితే విమానం రాయిలా పడిపోదు, రెక్కల మీద జారుతూ దిగుతుంది. దిగడానికి చోటుంటే చాలు. అందుకే మైక్రోలైట్ పైలట్‌కు మొదట అలవాటు చేసేది ఇప్పుడు ఇంజను ఆగితే ఏ పొలంలో దిగాలో ప్రతి నిమిషం చూసుకుంటూ ఉండటం. ఈ మాట డెల్టా దగ్గరకు వచ్చేసరికి మళ్లీ అవసరపడుతుంది.

మన ఏరో క్లబ్

భారతదేశంలో గగన క్రీడలకు పెద్ద దిక్కు ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా. 1927లో ఢిల్లీలో మొదలైనప్పుడు దాని పేరులో బర్మా కూడా ఉండేది. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటాకు పైలట్ సర్టిఫికెట్ ఇచ్చింది ఈ సంఘమే, దానిమీద నంబరు ఒకటి. ప్రపంచ గగన క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ తరఫున సర్టిఫికెట్లిచ్చే అధికారం అప్పట్లో ఇలాంటి జాతీయ క్లబ్బులకుండేది. ఎఫ్ఏఐ 1905 అక్టోబరులో పారిస్‌లో పుట్టి, ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నుంచి నడుస్తోంది. మైక్రోలైట్లు, పారామోటార్ల పోటీ నియమాలను దాని లోపలి కమిషన్ సీమా రాస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత మన ఫ్లయింగ్ క్లబ్బులు ప్రభుత్వ సబ్సిడీతో నడిచాయి. 1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ పుష్పక్ లాంటి తేలికపాటి విమానాలు వాటి హ్యాంగర్లలో ఉండేవి. హైదరాబాద్ బేగంపేటలో నేర్చుకున్న తెలుగు పైలట్లు ఆ తరంవాళ్లే. కాలం గడిచేకొద్దీ ఈ క్లబ్బులు విమాన కంపెనీల ఉద్యోగాలకు పైలట్లను తయారు చేసే బడులుగా మారాయి. సరదాగా ఎగురుదామని వచ్చినవాడికి అక్కడ కుర్చీ దొరకడం తగ్గింది. మైక్రోలైట్ ఈ ఖాళీలోనే 1980లలో మన దేశానికి వచ్చింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వాటికి వేరుగా నియమాలు రాసింది, ఏరో క్లబ్ వాటిని తన గొడుగు కిందికి తీసుకుంది.

ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవేత్త విజయ్‌పత్ సింఘానియా 1988లో లండన్ నుంచి ఢిల్లీకి మైక్రోలైట్‌లో 23 రోజుల్లో వచ్చి దేశాన్ని ఆశ్చర్యపరిచాడు. 2007లో వైమానిక దళం 75 ఏళ్ల పండుగ సందర్భంగా వింగ్ కమాండర్లు రాహుల్ మోంగా, అనిల్ కుమార్ ఒక సీటీఎస్‌డబ్ల్యూ మైక్రోలైట్‌లో హిండన్ నుంచి బయల్దేరి భూమి చుట్టి 79 రోజుల్లో తిరిగొచ్చారు. సుమారు 40,500 కిలోమీటర్లు. ప్రపంచ రికార్డే. ఈ రెండు సాహసాల వెనకా పెద్ద దన్ను ఉంది. ఒకరికి సొంత సంపద, ఇంకొకరికి వైమానిక దళం. సంఘం అసలు పరీక్ష ఎక్కడుంటుందంటే, భీమవరంలో రొయ్యల చెరువులు చేసుకునే మనిషి ఒక సెకండ్ హ్యాండ్ మైక్రోలైట్ కొనుక్కుంటే అతని వెనక ఎవరు నిలబడతారన్న దగ్గర.

బ్రిటన్ చూపిన దారి

ఆ ప్రశ్నకు బాగా జవాబిచ్చిన దేశం బ్రిటన్. 1970ల చివర్లో అక్కడి కుర్రాళ్లు హ్యాంగ్ గ్లైడర్లకు చిన్న ఇంజన్లు తగిలించి ఎగరడం మొదలుపెట్టారు. ప్రమాదాలు జరిగాయి. ప్రభుత్వం కఠినంగా చేతిలోకి తీసుకునేలోపే ఎగిరేవాళ్లే 1979లో ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఇప్పుడు బ్రిటిష్ మైక్రోలైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని పేరు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని డెడింగ్టన్ అనే పల్లెటూళ్లో దాని ఆఫీసు. ఎన్నికైన కౌన్సిల్, సభ్యత్వ రుసుము, ఒక పత్రిక. ఇంతవరకు మన ఊళ్ల రోటరీ క్లబ్బులకూ ఉంటాయి.

తేడా టెక్నికల్ ఆఫీసులో ఉంది. అక్కడి విమానయాన అధికారులు మైక్రోలైట్ల ఎగిరే యోగ్యతను చూసే పనిని చాలావరకు ఈ సంఘానికి అప్పగించారు. సంఘం గుర్తించిన ఇన్‌స్పెక్టర్లు దేశమంతా చెదిరి ఉంటారు. ఏటా ఒకసారి విమానాన్ని వాళ్లలో ఒకరు గొట్టం గొట్టం తడిమి చూస్తారు, ఒక చెక్ ఫ్లైట్ ఎగురుతారు, తర్వాత పర్మిట్ కొత్త ఏడాదికి పొడిగిస్తారు. రెక్క గుడ్డ ఎండకు ఎంత పాడైందో చూడటానికి బెట్సోమీటర్ అనే చిన్న పనిముట్టు ఉంది. చిన్న స్ప్రింగు కాటా లాంటిది, దాని కొసను గుడ్డలోనో కుట్టులోనో గుచ్చి లాగుతారు. నిర్ణయించిన బలానికి గుడ్డ చిరగకుండా నిలిస్తే సరే, లేకుంటే ఆ రెక్కతో ఆ ఏడాది ఎగరడం లేదు. యజమాని గొణుక్కుంటాడు గానీ తనలాంటి సభ్యుడే వచ్చి కాదన్నాడు కాబట్టి వింటాడు. ప్రభుత్వ అధికారి కాదంటే ఇంత సులువుగా వినేవాడు కాదు. ఈ క్రీడలో సంఘం విలువంతా ఈ ఒక్క సంబంధంలో ఉందని నా అభిప్రాయం.

నేల విషయంలోనూ అక్కడి చట్టం కలిసొచ్చింది. రైతు తన పొలాన్ని ఏడాదిలో 28 రోజులు ప్రత్యేక అనుమతి లేకుండా వేరే పనికి వాడుకోనిచ్చే నియమం ఒకటుంది. ఎన్నో గడ్డి రన్‌వేలు దాని నీడన మొదలయ్యాయి. 2002లో తేలికపాటి వైద్య నియమాలతో ఒక జాతీయ ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చింది, 2021లో మైక్రోలైట్ బరువు హద్దు 600 కిలోలకు పెరిగింది. ఇలాంటి మార్పులకు ముందు సంవత్సరాల తరబడి సంప్రదింపులు నడుస్తాయి, అందులో ఎగిరేవాళ్ల గొంతు సంఘానిదే.

అమెరికా 1982లో వేరే దారి తొక్కింది. ఒకే సీటు, ఖాళీ బరువు సుమారు 115 కిలోల లోపు, 19 లీటర్ల లోపు పెట్రోలు ఉంటే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, జనావాసాల మీద ఎగరకుండా ఉంటే చాలు అంది. విశాలమైన, జనం పలచగా ఉన్న దేశానికి అది నప్పింది. చదరపు కిలోమీటరుకు వందల మంది ఉన్న కోనసీమలో అలాంటి స్వేచ్ఛను ఎవరూ ఊహించరు.

2022 విధానం

మన దగ్గర ప్రభుత్వానికీ పైలట్‌కూ నడుమ ఉండాల్సిన సంఘం పొర సన్నగా ఉండిపోయింది. పైన డీజీసీఏ, కింద పైలట్. విమానానికి వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్, హోం శాఖ భద్రతా అనుమతి, ఎగిరే ముందు వైమానిక రక్షణ విభాగం ఇచ్చే ఏడీసీ నంబరు, సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్ఐసీ నంబరు. ఇవి బోయింగ్ ఎగరడానికి ఎంత సహజమో, ఆదివారం ఉదయం అరగంట ఎగరాలనుకునే మనిషికి అంత బరువు. రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినోత్సవం వస్తే పెద్ద నగరాల పోలీసులు పారాగ్లైడర్లు, హ్యాంగ్ గ్లైడర్లతో పాటు మైక్రోలైట్లనూ కొన్ని వారాలు నిషేధిస్తూ ఉత్తర్వులిస్తారు. భయం అర్థం లేనిదని అనలేం. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో వచ్చేదాన్ని రాడార్ పట్టుకోవడం కష్టం.

2022 జూన్ 7న పౌర విమానయాన శాఖ జాతీయ గగన క్రీడల విధానం విడుదల చేసింది. పదకొండు రకాల క్రీడలను ఒకచోట చేర్చింది. మైక్రోలైట్లు, అల్ట్రాలైట్లు, లైట్ స్పోర్ట్ విమానాలు ఇంజను విమానాల వర్గంలో పడ్డాయి. అప్పటికి దేశంలో గగన క్రీడాకారులు సుమారు 5,000 మంది, ఏటా వచ్చే ఆదాయం 80 నుంచి 100 కోట్ల రూపాయలని అంచనా వేసి, దాన్ని 8,000 నుంచి 10,000 కోట్లకు పెంచవచ్చని ఆశ పెట్టుకుంది. ఇలాంటి వందరెట్ల లెక్కలను కాస్త అనుమానంతోనే చదవాలి.

లెక్కలకంటే నిర్మాణం ముఖ్యం. నాలుగు అంతస్తులు. పైన భారత గగన క్రీడల సమాఖ్య, దాని కింద ఒక్కో క్రీడకు జాతీయ సంఘం, తర్వాత ప్రాంతీయ, రాష్ట్ర శాఖలు, అట్టడుగున జిల్లా సంఘాలు. ఎఫ్ఏఐ వంటి వేదికల్లో దేశం తరఫున నిలబడే పనిని పై సమాఖ్యకు రాసింది. పరికరాలు, శిక్షణ, సిబ్బంది, చోట్లకు భద్రతా ప్రమాణాలు రాయాల్సింది ఆయా క్రీడల జాతీయ సంఘాలే. రాయకపోతే, పాటించకపోతే శిక్ష ఉంటుంది. సేవలందించే ప్రతి వ్యక్తీ, సంస్థా సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. ముఖ్య పరికరాలను అవి పాడైపోయేదాకా రిజిస్టర్లో ఉంచాలి. అంటే బ్రిటన్‌లో ఎగిరేవాళ్లు కింది నుంచి కట్టుకున్న మధ్య పొరను ఇక్కడ పైనుంచి కిందికి దించే ప్రయత్నం ఇది. తర్వాత 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చి 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

గగన క్రీడలకు ప్రత్యేక ప్రాంతాలుగా ప్రకటించవచ్చని విధానం పేరుపెట్టి చెప్పిన చోట్లు బీర్ బిల్లింగ్, గ్యాంగ్‌టక్, హడప్సర్, వాగమన్. తెలుగు నేల మీది చోటు ఒక్కటీ లేదు. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు, 2024 జూన్ నుంచి శ్రీకాకుళం కింజరాపు రామ్మోహన్ నాయుడు విమానయాన శాఖను చేపట్టినా మన వైపు ఈ క్రీడ మాట పెద్దగా వినపడలేదు. 2017 నవంబరులో అరకు లోయలో హాట్ ఎయిర్ బెలూన్ల పండుగ జరిగింది, 2024 నవంబర్ 9న ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది. రెండూ పర్యాటకుల కోసం. క్రీడ పుట్టాలంటే ఏడాది పొడవునా తెరిచి ఉండే హ్యాంగర్ కావాలి.

డెల్టా గాలి

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలి సముద్రం వైపు నడిచే ఈ నేల పైనుంచి చూస్తే పచ్చని చదును. కొండ లేదు, లోయ లేదు. తడి చేల మీద సూర్యుడు ఎంత కాల్చినా వేడి గాలి బుడగలు బలంగా లేవవు. గ్లైడర్లు ఆ బుడగల మీదే ఆధారపడతాయి కాబట్టి వాటికి ఇది పనికిరాని చోటు. మైక్రోలైట్‌కు అదే వరం. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట గాలి నూనెలా నిశ్చలంగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి వచ్చి అలజడి మొదలవుతుంది, అప్పటికి విమానం హ్యాంగర్లో ఉంటే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి. జూన్ నుంచి వానలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిచెట్లను ఏం చేసిందో చూసినవాళ్లు గుడ్డ రెక్కల విమానాన్ని రేకుల షెడ్డులో ఉంచి నిద్రపోలేరు. కాబట్టి ఇక్కడ ఎగిరే కాలం ఏడాదిలో నాలుగైదు నెలలే, అందులోనూ పొద్దుటి రెండు మూడు గంటలే.

ఆ మంచి ఉదయాల్లోనే ఒక దొంగ దాగి ఉన్నాడు. 18, 20 డిగ్రీల చలి, గాలినిండా తేమ. కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరై గాలిని చల్లబరిచినప్పుడు ఆ తేమ మంచుగా పేరుకుని ఇంజనుకు ఊపిరాడనివ్వదు. మంచు పడని దేశంలో ఇంజనులో మంచేమిటని కొత్త పైలట్ నమ్మడు. సంక్రాంతి నాటి పొగమంచు మరో చిక్కు. ఏడున్నర దాకా కాలవలమీద తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంటుంది, తొందరపడి లేచినవాడికి దిగే చోటు కనిపించదు. అదే పండుగ రోజుల్లో గాలిపటాల దారాలు ఆకాశంలో ఎక్కడుంటాయో ఎవరూ చెప్పలేరు.

తర్వాత పెట్రోలు. దేశమంతా బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. రోటాక్స్ తన 912 ఇంజన్లకు ఒప్పుకున్నది పది శాతం దాకా. ఇథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది, డెల్టాలో ఆ నీటికి కొదవ లేదు. నెలరోజులు ట్యాంకులో ఉంచిన పెట్రోలు అడుగున నీరు, ఇథనాల్ విడిపోయి చేరితే టేకాఫ్‌లో ఇంజను అదే తాగుతుంది. ఒక్కో యజమాని తనకు తోచిన చిట్కా పాటిస్తే ప్రమాదం. ఇలాంటి వాటిమీద దేశమంతటికీ ఒకే సాంకేతిక సూచన జారీ చేయడం, ఏ ఇంధనం ఎక్కడ దొరుకుతుందో సభ్యులకు చెప్పడం జాతీయ సంఘం చేయగలిగిన ఉపకారం. ఉప్పుగాలికి తీగలు, గొట్టాలు తుప్పు పట్టే వేగం అంతర్వేదిలో ఒకలా, రాజానగరంలో ఒకలా ఉంటుంది. తనిఖీ గడువులు కూడా అలాగే ఉండాలి, దానికి స్థానిక ఇన్‌స్పెక్టర్ కావాలి.

డెల్టా నేల

ఇంజను ఆగితే దిగే పొలం సంగతి ముందే అనుకున్నాం. డెల్టాలో పొలం ఉంది, దిగడానికి మాత్రం లేదు. సార్వా, దాళ్వా రెండు వరి కాలాల్లోనూ చేల నిండా నీళ్లు. బురదలో చక్రం దిగితే విమానం బోర్లా పడుతుంది. పాలకొల్లు, భీమవరం వైపు మైళ్ల కొద్దీ రొయ్యల, చేపల చెరువులు, వాటి గట్లమీద కరెంటు తీగలు, ఏరియేటర్లు. కోనసీమలో కొబ్బరి తోటల పైకప్పు ఎడతెగదు. పైనుంచి చూసి గడ్డి అనుకున్నది చాలాసార్లు గుర్రపుడెక్క కప్పిన కాలవ. వరి కోసిన తర్వాత డిసెంబరులో కొన్ని వారాలు ఎండిన మళ్లు దొరుకుతాయి, వేసవిలో గోదావరి ఇసుక మేటలు బయటపడతాయి. పైలట్‌కు డెల్టా మ్యాప్ ఒక్కటి సరిపోదు, నెలకొకటి కావాలి.

పక్షులు తక్కువేం కాదు. కొల్లేరు 2002 నుంచి అంతర్జాతీయ చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు ఉన్న సరస్సు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా తిరిగే కాలం, మనిషి ఎగిరే మంచి కాలం ఒకటే. గూడబాతు చిన్న పిట్ట కాదు, ఐదు కిలోల దాకా తూగుతుంది. కొల్లేరు, కోరింగ అభయారణ్యాల మీద ఎగరకపోవడమే అన్ని విధాలా క్షేమం. కొత్తగా పొలాలమీద పురుగుమందు చల్లే డ్రోన్లు వచ్చాయి. డ్రోన్లకు తెరిచి ఉంచిన గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు వాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. మైక్రోలైట్ లేచేటప్పుడు, దిగేటప్పుడు ఆ పొరలోంచే పోవాలి. సముద్రం వైపు గాడిమొగ లాంటి చోట్ల గ్యాస్ టెర్మినళ్లున్నాయి, వాటి పైకి ఎవరినీ రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

మరి రన్‌వే? మధురపూడిలో రాజమండ్రి విమానాశ్రయం ఉంది కదా అనిపిస్తుంది. ఆ రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. మైక్రోలైట్‌కు కావలసింది 150 మీటర్లు. పైగా పెద్ద విమానం వెనక మిగిలే సుడిగాలి చిన్న రెక్కను తలకిందులు చేయగలదు. సర్వీసులు పెరిగేకొద్దీ అక్కడ సరదా విమానానికి చోటు తగ్గుతుందే కాని పెరగదు. ఈ క్రీడకు వేరుగా ఒక గడ్డి స్ట్రిప్ కావాలి. భద్రంగా 400 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు వేసుకుంటే సుమారు నాలుగెకరాలు. లంక భూముల్లో, కాలవ కింది మాగాణిలో నాలుగెకరాలు ఈ పనికి వదిలే రైతు ఉండడు, ఉన్నా ధర అడగలేం.

అందుకే డెల్టా మైక్రోలైట్ డెల్టాలో ఉండనక్కర్లేదు. రాజానగరం, జగ్గంపేట, ద్వారకా తిరుమల వైపు మెట్ట అంచున స్ట్రిప్ ఉంటే నేల గట్టిగా ఉంటుంది, నీళ్లు నిలవవు, లేచిన ఐదు నిమిషాలకు డెల్టా కళ్లముందుంటుంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులేసిన రోజుల నాటి అవసరం అది. ఆ ఊళ్లో విమానాశ్రయం కట్టే ఆలోచన రాష్ట్ర ప్రభుత్వ జాబితాలో ఉంది. కడితే మంచిదే. కట్టేలోపు ఆ పాత రన్‌వేలో మిగిలిన ముక్క మీద ఆదివారాలు రెండు మైక్రోలైట్లు ఎగిరితే ఎవరికీ నష్టం లేదు. దీన్ని అడగాల్సింది వ్యక్తి కాదు, సంఘం. అధికారి ఎదుట ఒక మనిషి కూర్చుంటే అది అర్జీ, బీమా పత్రాలు, భద్రతా ప్రమాణాలు, బాధ్యత తీసుకునే పేర్లతో సంఘం కూర్చుంటే అది ప్రతిపాదన.

నేర్చుకునే దారి, పోటీ దారి

తెలుగు విద్యార్థికి మైక్రోలైట్ తొలి పరిచయం ఎక్కువగా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో జరుగుతుంది. రాజ్‌హంస ఎక్స్ఎయిర్, జెన్ ఎయిర్ విమానాల తర్వాత స్లొవేనియా కంపెనీ పిపిస్ట్రెల్ తయారీ వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 వచ్చింది. 2015లో వైమానిక దళం, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 194 విమానాలకు ఒప్పందం కుదిరింది. విశాఖపట్నంలో ఎయిర్ స్క్వాడ్రన్ ఉంది, కాకినాడలో ఎన్‌సీసీ గ్రూప్ ప్రధాన కార్యాలయం ఉంది. వైమానిక దళ అధికారి పక్క సీట్లో కూర్చుని కొన్నిసార్లు ఎగిరిన క్యాడెట్‌కు సర్టిఫికెట్ చేతికొచ్చాక దారి ఆగిపోతుంది. సొంత ఖర్చుతో కొనసాగించాలంటే బెంగళూరు జక్కూరో, హైదరాబాద్ శివార్లలోని నాదర్‌గుల్ వంటి చోటో వెతుక్కోవాలి. ఎన్‌సీసీ నుంచి బయటికి వచ్చేవాళ్ల జాబితాను అందుకునే క్లబ్బు ఊళ్లో ఉండటం జాతీయ సంఘం చేసే ఏ ప్రచారం కంటే ఎక్కువ పని చేస్తుంది.

పోటీల్లో వేగం పెద్ద విషయం కాదు. ఇంత పెట్రోలుతో ఎంత దూరం పోగలవు, ఫొటోలో చూపిన చోట్లను దారిలో గుర్తుపట్టగలవా, చెప్పిన నిమిషానికి చెప్పిన మలుపు దగ్గర ఉంటావా, ఇంజను ఆపేసి గీసిన గడిలో చక్రం ఆనించగలవా. వీటికే మార్కులు. ఒంటరిగా సాధించేవాళ్ల కోసం ఎఫ్ఏఐ కొలిబ్రి బ్యాడ్జీలిస్తుంది, కంచు నుంచి వజ్రం దాకా. దారి పరీక్షకు డెల్టా మోసకారి నేల. రాజమండ్రి వంతెనల్ని ఎవరైనా గుర్తుపడతారు, పశ్చిమ డెల్టాలో మాత్రం ఒక కాలవకూ ఇంకో కాలవకూ తేడా తెలియదు. గుడి గోపురాలు, రైస్ మిల్లుల చిమ్నీలు లెక్కపెట్టుకుంటూ పోవాలి.

ఒక దారి ఊహించండి. తాడేపల్లిగూడెంలో లేచి, తణుకు మీదుగా గోదావరి దాటి, రావులపాలెం, ద్రాక్షారామం చూసుకుంటూ యానాం. నేరుగా 75 కిలోమీటర్ల లోపే, ఎక్స్ఎయిర్‌కు ముప్పావుగంట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టాక ఈ ముప్పావుగంటలో పైలట్ పశ్చిమ గోదావరిలో లేచి, కోనసీమ దాటి, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోకి వెళతాడు. 2022 విధానం గీసిన అంతస్తుల ప్రకారం అతనిమీద పలు జిల్లా సంఘాలు, రెండు రాష్ట్రస్థాయి శాఖలు ఉండాలి. ఆకాశం పరంగా మాత్రం అంతా చెన్నై విమాన సమాచార ప్రాంతం కిందే ఉంది. గాలి, నేల, చెరువులు, పక్షులు ఒకటే అయిన చోట జిల్లాకో సంఘం కాకుండా డెల్టా అంతటికీ ఒకే ప్రాంతీయ శాఖ ఉండాలని, అందులో యానాం కూడా చేరాలని అడగడానికి ఆ విధానంలోని ప్రాంతీయ అంతస్తు వీలిస్తుంది.